గాలి తీసినా బ్రేక్ పెడల్ మెత్తగానే ఎందుకు ఉంటుంది?

కర్నూలు నుంచి శ్రీశైలం పోవాలంటే నల్లమల ఘాట్ ఎక్కి దిగాలి. కడప నుంచి రాయచోటికి పోవాలంటే గువ్వలచెరువు ఘాట్ దాటాలి. అందుకే దూరప్రయాణం పెట్టుకున్నవాళ్లు ముందుగా బ్రేకులు చూపించుకుంటారు. ప్యాడ్లు మార్పిస్తారు, బ్రేక్ ఆయిల్ మార్పిస్తారు, పైపుల్లో గాలి తీయిస్తారు. తీరా బండి రోడ్డెక్కితే పెడల్ మునుపటికన్నా మెత్తగా, కాలి కింద దిగబడుతున్నట్టు ఉంటుంది. పని చేసిన మెకానిక్‌ని అడిగితే "ఏం కాదన్నా, రెండు దినాలు తిప్పితే సెట్టయితాది" అంటాడు. ఇంకో షెడ్డుకు పోతే "మాస్టర్ సిలిండర్ పోయిండాది, మార్చాల" అంటారు. ఇంట్లో తెలిసినవాళ్లు "గాలి సరిగా తీయలేదు, మళ్లీ తీయించు" అంటారు.

ఈ మూడు మాటలూ ఏదో ఒక బండి విషయంలో నిజమే. చిక్కంతా మన బండి ఏ కోవలోకి వస్తుందన్నదే. ఆ సంగతి తేల్చుకోకుండా లీటర్ల కొద్దీ ఆయిల్ పోసి మళ్లీ మళ్లీ గాలి తీయించడం వల్ల డబ్బు పోతుంది, లోపం అక్కడే ఉండిపోతుంది. పెడల్ ఎలా మెత్తగా ఉందో గమనిస్తే లోపం ఎక్కడుందో చాలావరకు దొరుకుతుంది.

పెడల్ తొక్కితే లోపల జరిగేది

కాలి బలాన్ని చక్రం దాకా మోసేది బ్రేక్ ఆయిల్. పేరుకు ఆయిల్ అంటాం గానీ ఇంజిన్ ఆయిల్‌కూ దీనికీ సంబంధం లేదు, ఇది గ్లైకాల్ జాతి ద్రవం. పొరపాటున ఇంజిన్ ఆయిల్ ఇందులో కలిస్తే లోపలి రబ్బరు కప్పులన్నీ ఉబ్బి పాడవుతాయి.

పెడల్ వెనక బూస్టర్ ఉంటుంది. ఇంజిన్ వాక్యూమ్‌ను వాడుకుని అది కాలి బలాన్ని పెంచుతుంది. దానికి ఆనుకుని మాస్టర్ సిలిండర్, దాని నెత్తిన ఆయిల్ డబ్బా. మాస్టర్ సిలిండర్‌లో ఒకదాని ముందు ఒకటి రెండు పిస్టన్లు ఉంటాయి, ఒక్కో పిస్టన్ రెండేసి చక్రాలను చూసుకుంటుంది. ముందు చక్రాలు లాగే కార్లలో ఎక్కువగా కుడి ముందు చక్రానికి ఎడమ వెనక చక్రం జత, ఎడమ ముందు చక్రానికి కుడి వెనక చక్రం జత. ఒక పైపు పగిలినా రెండో జతతో బండి ఆగాలని ఈ ఏర్పాటు.

పెడల్ వదిలి ఉన్నప్పుడు సిలిండర్‌కూ డబ్బాకూ మధ్య సన్నటి రంధ్రం తెరిచి ఉంటుంది. పెడల్ కాస్త కదలగానే పిస్టన్ మీది రబ్బరు కప్పు ఆ రంధ్రాన్ని దాటుతుంది. అక్కడి నుంచి లోపలి ఆయిల్‌కు బయటికి దారి లేదు. ఒత్తిడి పైపుల వెంట నాలుగు చక్రాలకూ పాకి, ముందు చక్రంతో తిరిగే డిస్క్‌ను పట్టకారులా పట్టుకునే కాలిపర్‌లోని పిస్టన్ ప్యాడ్లను డిస్క్ మీదికి నొక్కుతుంది, వెనక డ్రమ్ము లోపలుండే వీల్ సిలిండర్ లైనర్లను (డ్రమ్ముకు రాసుకునే బ్రేకు ముక్కలను) డ్రమ్ము మీదికి తోస్తుంది. ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా చేరుతుందన్న పాస్కల్ సూత్రమే ఇదంతా. ద్రవం నలగదు గనకనే ఇది పనిచేస్తుంది. గాలి నలుగుతుంది. తగువంతా అక్కడే.

రెండు సీసీల గాలి ఎంత పెడల్‌ను మింగుతుంది

లెక్క వేసి చూద్దాం. బండిని బట్టి కొలతలు మారతాయి గానీ వరస ఇదే. మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లు అనుకుంటే పిస్టన్ ఒక సెంటీమీటరు కదిలినప్పుడు సుమారు 3.1 సీసీల ఆయిల్ ముందుకు పోతుంది. పెడల్‌కూ పిస్టన్‌కూ మధ్య 4 రెట్ల తేడా ఉందనుకుందాం. అంటే కాలు 4 సెంటీమీటర్లు కదిలితే పిస్టన్ ఒక సెంటీమీటరు కదులుతుంది.

పైపులో 2 సీసీల గాలి మిగిలిపోయింది. ఆసుపత్రిలో చిన్న ఇంజెక్షన్ సిరంజిలో పట్టేంత గాలి. పెడల్ మెల్లగా తొక్కినప్పుడు లైన్లో ఒత్తిడి 10 బార్లు (ఒక బారంటే సుమారు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) పెరిగితే ఆ గాలి 0.18 సీసీకి కుంచించుకుపోతుంది. మిగతా 1.8 సీసీల ఖాళీని ఆయిల్ నింపాలి. దానికి పిస్టన్ దాదాపు 0.6 సెంటీమీటర్లు, అంటే కాలు 2.3 సెంటీమీటర్లు అదనంగా పోవాలి. ప్యాడ్లు డిస్క్‌ను గట్టిగా పట్టకముందే ఇంత పెడల్ ఖర్చయిపోతుంది.

ఇక్కడే చాలామంది మోసపోయే విషయం ఒకటుంది. ఒత్తిడిని 10 నుంచి 50 బార్లకు పెంచితే గాలి 0.18 నుంచి 0.04 సీసీకి తగ్గుతుంది. అందుకు పెడల్ అదనంగా పోయేది 2 మిల్లీమీటర్లే. అంటే మెత్తదనమంతా మొదట్లోనే ఉంటుంది. షెడ్డులో నిలబెట్టిన బండి పెడల్‌ను బలం కొద్దీ తొక్కి "గట్టిగానే ఉంది కదా" అనుకుంటే గాలి సంగతి బయటపడదు. వేళ్లతో నొక్కినంత తేలిగ్గా తొక్కినప్పుడు పెడల్ ఎలా ఉందన్నదే అసలు పరీక్ష.

మెత్తన వేరు, లోతు వేరు, జారడం వేరు

పెడల్ బాగాలేదు అన్న ఒక్క ఫిర్యాదులో మూడు వేర్వేరు ఫిర్యాదులు దాగి ఉంటాయి.

ఒకటి, తొక్కుతున్నకొద్దీ స్ప్రింగులా వెనక్కి తోస్తూ క్రమంగా గట్టిపడడం. ఇది ఏదో ఒకటి నలుగుతోందనో, ఉబ్బుతోందనో, వంగుతోందనో చెబుతుంది. గాలి ఒక కారణం. పాతబడిన రబ్బరు హోస్ పైపు ఒత్తిడికి ఉబ్బినా ఇదే లక్షణం. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు హోస్ చుట్టూ చేయి వేసి చూసినప్పుడు ఆ ఉబ్బు చేతికే తెలుస్తుంది.

రెండోది, పెడల్ ఏ అడ్డూ లేకుండా చాలా కిందికి పోయి, అక్కడ మాత్రం రాయిలా ఆగడం. ఇది ఖాళీకి గుర్తు. ప్యాడ్లో లైనర్లో ఉండాల్సిన దానికన్నా దూరంగా ఉన్నాయి. రెండు మూడుసార్లు గబగబా తొక్కితే పెడల్ పైకొస్తుంది, కాసేపు వదిలేస్తే మళ్లీ కిందికి పోతుంది. తొక్కిన ప్రతిసారీ డబ్బా నుంచి కొంత ఆయిల్ కిందికి చేరి, లైనర్లు వెనక్కి పోయేలోపే మళ్లీ తోస్తుంది గనక ఇలా జరుగుతుంది. గాలి ఉన్నా పంపింగ్‌తో పెడల్ కొంత పైకొస్తుంది గానీ, పైకొచ్చాక కూడా స్ప్రింగ్ గుణం పోదు. ఈ తేడా ముఖ్యం.

మూడోది, కాలు ఒకే బలంతో పెట్టి ఉంచినా పెడల్ మెల్లమెల్లగా నేలకు జారిపోవడం. ఇది కారుతున్నట్టు లెక్క. బయటికైనా కారాలి, లేదా మాస్టర్ సిలిండర్ లోపలే కప్పు పక్క నుంచి వెనక్కి జారాలి. ఈ స్థితిలో బండిని ఇంటిదాకా అని కూడా నడపకూడదు.

వీటితో కలగాపులగమయ్యే నాలుగో సంగతి అసలు లోపమే కాదు. ఇంజిన్ ఆపి పని చేసినంతసేపూ బూస్టర్‌లో వాక్యూమ్ ఉండదు, పెడల్ గట్టిగా ఉంటుంది. ఇంజిన్ స్టార్ట్ చేయగానే బూస్టర్ సాయం వచ్చి పెడల్ కాస్త దిగుతుంది. పెడల్ తొక్కి పట్టుకుని స్టార్ట్ చేసినప్పుడు అలా దిగకపోతేనే బూస్టర్‌ను అనుమానించాలి. అంతకుముందు కూడా ఇంతే దిగేదా అన్నది యజమానికి గుర్తుండదు, అందుకే అదే మోడల్ ఇంకో బండి పెడల్‌తో పోల్చి చూడడం మంచిది.

గాలి లేకపోయినా గాలి ఉన్నట్టే చేసే వెనక డ్రమ్ములు

మన ఊళ్లలో తిరిగే చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. డిస్క్ ప్యాడ్లు అరిగిన కొద్దీ వాటంతట అవే ముందుకు జరుగుతాయి. డ్రమ్ములో లైనర్లను దగ్గరికి తెచ్చే పని అడ్జస్టర్‌ది. దుమ్ము పట్టో తుప్పు పట్టో అది బిగుసుకుపోతే, లేదా డ్రమ్ము విప్పి మళ్లీ బిగించేటప్పుడు దాన్ని సరిచేయకపోతే, లైనర్లు దూరంగా ఉండిపోతాయి.

దీనికీ లెక్క ఉంది. వీల్ సిలిండర్ లోపలి వ్యాసం 19 మిల్లీమీటర్లు అనుకుందాం. ఒక్కో సిలిండర్‌లో రెండు పిస్టన్లు, రెండు చక్రాలకు కలిపి నాలుగు. ఒక్కోటి మామూలుకన్నా ఒక్క మిల్లీమీటరు ఎక్కువ కదలాల్సి వస్తే 1.1 సీసీ ఆయిల్ అదనంగా కావాలి. మన మాస్టర్ సిలిండర్ కొలతల్లో అది పెడల్ దగ్గర దాదాపు ఒకటిన్నర సెంటీమీటరు. ముందు ప్యాడ్లు కూడా డిస్క్ నుంచి 0.2 మిల్లీమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటే, 54 మిల్లీమీటర్ల కాలిపర్ పిస్టన్లు రెండింటికీ కలిపి ఇంకో 0.9 సీసీ, అంటే పెడల్‌లో మరో 1.2 సెంటీమీటర్లు. రెండూ కలిస్తే మనం పైన చూసిన గాలి బుడగ కన్నా ఎక్కువ పెడల్ పోయింది. లైన్లో గాలి చుక్క కూడా లేదు.

దీన్ని గుర్తుపట్టడం సులువే. హ్యాండ్ బ్రేక్ రెండు మూడు పళ్లు లాగి పెడల్ తొక్కితే, పెడల్ ముందటికన్నా పైనే అందుకుంటే ఖాళీ వెనక డ్రమ్ముల్లోనే ఉంది. హ్యాండ్ బ్రేక్ ఆ లైనర్లను ముందే డ్రమ్ము దగ్గరికి చేర్చింది కాబట్టి పెడల్ మోయాల్సిన దూరం తగ్గింది. నా లెక్కలో, గాలి తీసిన తర్వాత కూడా పెడల్ లోతుగా పోతోందంటే మాస్టర్ సిలిండర్ దాకా పోకముందు చూడాల్సిన చోటు ఇదే. ఖర్చు లేని పరీక్ష, చాలా బండ్లలో జవాబూ ఇక్కడే దొరుకుతుంది.

"రెండు దినాలు తిప్పితే సెట్టయితాది" అన్న మాటలో కొంత నిజం ఉన్నది కూడా ఈ కోవలోనే. కొత్త ప్యాడ్లు, కొత్త లైనర్లు మొదట్లో డిస్క్‌నూ డ్రమ్మునూ పూర్తిగా ఆనవు. ఎత్తుగా ఉన్న భాగాలు మాత్రమే తగిలి, తొక్కినప్పుడు కాస్త వంగుతాయి. కొంత నడిచాక అరిగి కుదురుకుంటాయి, పెడల్ కొద్దిగా మెరుగుపడుతుంది. కానీ కాలిపర్ జారే పిన్నులకు గ్రీజు ఎండిపోయి కాలిపర్ ఒరిగి పట్టుకుంటుంటే ఎన్ని దినాలు తిప్పినా అది సర్దుకోదు. లైన్లో మిగిలిన గాలి కూడా తిప్పితే పోతుందని నమ్ముకోవడానికి లేదు. బ్రేకు మీద నమ్మకం లేని బండిని సెట్టయ్యేదాకా ఊళ్లో తిప్పడం అంటే ఎదుటివాళ్ల ప్రాణాలతో పరీక్ష చేయడమే.

గాలి నిజంగానే మిగిలిపోయేది ఎక్కడ

గాలి పైకి తేలుతుంది. ఈ చిన్న నిజం మరిచిపోవడం వల్లే సగం పనులు చెడతాయి. కాలిపర్‌కు బ్లీడర్ నిపిల్, అంటే వదులుచేసి గాలి బయటికి తీసే చిన్న మర, పైభాగాన ఉండేది అందుకే. కాలిపర్లు విప్పినప్పుడు కుడిది ఎడమకు, ఎడమది కుడికి బిగిస్తే నిపిల్ కిందికి వస్తుంది. అప్పుడు నిపిల్ నుంచి చుక్క గాలి లేకుండా చక్కటి ఆయిల్ వస్తూనే ఉంటుంది, పైన బుడగ కదలకుండా కూర్చుంటుంది. ఎన్నిసార్లు తీసినా ఫలితం సున్నా.

షెడ్లలో ఎక్కువగా వాడేది ఇద్దరు మనుషుల పద్ధతి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు పానాతో నిపిల్ వదులుచేసి గాలీ ఆయిలూ పోయాక బిగిస్తారు. నిపిల్ బిగించకముందే పైనున్న మనిషి కాలు తీస్తే, పోయిన గాలి కన్నా ఎక్కువ అదే దారిన లోపలికి వస్తుంది. నిపిల్‌కు తగిలించిన పైపు రెండో చివర సీసాలోని ఆయిల్‌లో మునిగి ఉంటే ఆ ప్రమాదం తగ్గుతుంది. హడావుడిగా ధబధబా తొక్కితే ఒక పెద్ద బుడగ చితికి వందల చిన్న బుడగలై ఆయిల్ నురగ కడుతుంది, వాటిని బయటికి తేవడం ఇంకా కష్టం. నిపిల్ వదిలేసి ఆయిల్ దానంతటదే కారేలా చేసే పద్ధతి నిదానం గానీ నురగ రాదు. కాకపోతే ఆ సన్నటి ధారకు మూలల్లో పట్టుకున్న బుడగ కదలకపోవచ్చు. వాక్యూమ్ పంపుతో లాగే పద్ధతిలో ఒక్కరే పని చేసుకోవచ్చు, అయితే నిపిల్ మరల సందుల నుంచి బయటి గాలి కూడా లాక్కుంటుంది. గొట్టంలో ఎంతకీ బుడగలు ఆగవు, అవి లైన్లోవి కావు. ఏ పద్ధతి గొప్పదన్న వాదన కన్నా దాన్ని ఎంత ఓపిగ్గా చేశారన్నదే ఎక్కువ తేడా తెస్తుంది.

ఏ చక్రంతో మొదలుపెట్టాలన్న దాని మీద రెండు మాటలున్నాయి. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రం నుంచి దగ్గరికి రావాలన్నది పాత పద్ధతి. కుడి స్టీరింగ్ ఉండే మన బండ్లలో ఎడమ వెనక చక్రంతో మొదలు. ఎదురెదురు మూలల జతలుగా పైపులు వేసిన బండ్లకూ, ఏబీఎస్ (సడన్ బ్రేకులో చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కొన్నింటికీ కంపెనీ వేరే వరస చెబుతుంది. వరస తప్పినంత మాత్రాన అనర్థమేమీ జరగదు, ఇంకో విడత చేస్తే సరిపోతుంది. అసలు అనర్థం మధ్యలో ఆయిల్ డబ్బా ఖాళీ కావడం. అలా జరిగితే పైనుంచి మొత్తం మళ్లీ గాలి పడుతుంది.

మాస్టర్ సిలిండర్ మార్చినప్పుడు దాన్ని బండికి బిగించకముందే ఆయిల్‌తో నింపి లోపలి గాలి తీసేయాలి. కొన్ని బండ్లలో అది ముందు వైపు కాస్త పైకి ఎత్తినట్టు కూర్చుంటుంది. అక్కడ దాక్కున్న గాలి చక్రాల దాకా దిగి రాదు. ఇక జీపులు, వ్యాన్లు, గూడ్స్ బండ్లలో కొన్నింటికి బరువును బట్టి వెనక బ్రేకును తగ్గించే వాల్వు ఉంటుంది. వెనక చక్రాలు జాకీ మీద వేలాడుతున్నప్పుడు ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుని వెనక్కి ఆయిల్ సరిగా పోనివ్వదు, అక్కడ గాలి ఉండిపోతుంది.

పెడల్‌కు కట్టె ఆనించి రాత్రంతా ఉంచడం

సీటుకూ పెడల్‌కూ మధ్య కట్టె బిగించి రాత్రంతా అలాగే వదిలేస్తే తెల్లారేసరికి పెడల్ గట్టిపడుతుందని చెప్పే మెకానిక్‌లు ఉన్నారు. ఇదంతా ఉత్తిదేనని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. రెండు పక్షాల దగ్గరా సరుకుంది.

పెడల్ తొక్కి ఉన్నంతసేపూ డబ్బా దారి మూసుకుని ఉంటుంది కాబట్టి ఆ రాత్రి గాలి బయటికి పోయే దారి లేదు. కొట్టిపారేసేవాళ్ల వాదన ఇదే, అందులో తప్పులేదు. కానీ ఒత్తిడిలో బుడగలు చిన్నవై, పట్టుకున్న చోటు వదిలి పైకి పాకుతాయి. పొద్దున కట్టె తీయగానే రంధ్రం తెరుచుకుని, మాస్టర్ సిలిండర్ దగ్గరికి చేరినవి డబ్బాలోకి పోతాయి. ఆ మేరకు పెడల్ నిజంగానే మెరుగవుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఒత్తిడి పెరిగితే గాలి ద్రవంలో కరుగుతుంది. అలా కరిగిన గాలి పోయినట్టే కనిపించి, ఒత్తిడి తీశాక మళ్లీ బుడగలు కట్టవచ్చు. పొద్దున బాగున్న పెడల్ రెండు రోజులకు మెత్తబడిందనే ఫిర్యాదుకు ఇది ఒక కారణం. కాబట్టి కట్టె పెట్టిన మర్నాడు ఇంకో విడత గాలి తీసి, తేలిగ్గా తొక్కి చూస్తే తప్ప పని అయిందని అనలేం.

ఏబీఎస్ ఉన్న బండ్ల సంగతి

మన దేశంలో 2019 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లకు ఏబీఎస్ తప్పనిసరి. మాస్టర్ సిలిండర్‌కూ చక్రాలకూ మధ్య ఒక దిమ్మ, అందులో వాల్వులు, చిన్న పంపు ఉంటాయి. మామూలుగా తొక్కినప్పుడు ఆయిల్ దిమ్మలోని ప్రధాన దారుల గుండా నేరుగా పోతుంది, పక్క దారులు మూసి ఉంటాయి. ఆయిల్ డబ్బా ఖాళీ కాకుండా ప్యాడ్లు మార్చి గాలి తీసినప్పుడు ఈ పక్క దారుల్లోకి గాలి పోయే అవకాశం తక్కువ. కాబట్టి ఏబీఎస్ ఉన్న ప్రతి బండికీ స్కానర్ (బండి కంప్యూటర్‌కు తగిలించి ఆ వాల్వులను, పంపును ఆడించే పరికరం) పెట్టాల్సిందే అనడం ఎక్కువ చెప్పడమే.

డబ్బా ఖాళీ అయినా, దిమ్మ మార్చినా మాట వేరు. పక్క దారుల్లో చిక్కిన గాలి మామూలు పద్ధతికి రాదు. స్కానర్‌తో వాల్వులు తెరిపించి పంపు తిప్పిస్తేనే కదులుతుంది. మూసిన వాల్వు వెనక ఉన్నంతకాలం ఆ గాలి పెడల్ మీద కనిపించకపోవచ్చు కూడా. ఎప్పుడో సడన్ బ్రేకు కొట్టి ఏబీఎస్ పనిచేసినప్పుడు అది ప్రధాన లైన్లోకి వచ్చి, ఆ మరుక్షణం నుంచి పెడల్ మెత్తబడుతుంది. స్కానర్ లేని షెడ్లలో ఖాళీ మట్టిరోడ్డు మీద కావాలని ఏబీఎస్ కొట్టించి, తిరిగొచ్చి మళ్లీ గాలి తీస్తారు. సూత్రం సరైనదే. అయితే మెత్తటి పెడల్‌తో బండిని వేగంగా తోలి బ్రేకు కొట్టాల్సి రావడం అందులోని ప్రమాదం. స్కానర్ ఉన్నచోటికి బండిని లాగించుకుపోవడం ఖర్చయినా నయమనిపిస్తుంది.

మాస్టర్ సిలిండర్ మీద పడే నింద

గాలి తీయించిన మర్నాడే మాస్టర్ సిలిండర్ పోయిందంటే యజమానికి అనుమానం రావడం సహజం. కానీ అలా జరగడానికి కారణం ఉంది. రోజూ నడిపేటప్పుడు పిస్టన్ సిలిండర్‌లో సగం దూరం కూడా పోదు. మిగతా భాగంలో ఏళ్ల తరబడి మురికీ తుప్పూ పేరుకుంటాయి. గాలి తీసేటప్పుడు పెడల్‌ను నేలకు తగిలేదాకా తొక్కితే కప్పు అంచు ఆ గరుకు మీద రాపిడై చిరుగుతుంది. పాత బండ్లలో పెడల్ కింద చిన్న చెక్కముక్క పెట్టి పని చేసేవాళ్లు చేసేది చాదస్తం కాదు.

కప్పు చిరిగితే కనిపించేది పైన చెప్పిన మూడో లక్షణం, అంటే జారడం. బయట ఎక్కడా తడి లేకుండా పెడల్ జారుతుంటే కప్పునే అనుమానించాలి. డబ్బాలో ఆయిల్ తగ్గుతోంది గానీ చక్రాల దగ్గర తడి లేదంటే, మాస్టర్ సిలిండర్‌కూ బూస్టర్‌కూ మధ్య సందులో చూడాలి. అక్కడ కారిన ఆయిల్ బూస్టర్ లోపలికే పోతుంది. పెడల్ జారకుండా స్ప్రింగులా మాత్రమే ఉంటే, మాస్టర్ సిలిండర్ మార్చినా డబ్బులు దండగే.

ఏ చక్రం దగ్గర మెత్తదనం ఉందో కనిపెట్టడానికి హోస్ పైపులను ఒక్కొక్కటిగా క్లాంపుతో నొక్కి పెడల్ చూడడం ఒక పద్ధతి. ఏ హోస్ నొక్కినప్పుడు పెడల్ గట్టిపడిందో లోపం ఆ వైపు. జాడ పట్టడానికి ఇంతకన్నా త్వరైన దారి లేదని ఒకరంటే, హోస్ లోపలి పొర నలిగి దెబ్బతింటుందని ఇంకొకరంటారు. గుండ్రటి దవడలున్న క్లాంపుతో మెత్తటి హోస్‌ను కాసేపు నొక్కడం ఒకటి, పాతబడి బిరుసెక్కిన హోస్‌ను కటింగ్ ప్లేయర్‌తో నొక్కడం ఇంకొకటి. రెండోది చేస్తే ఆ హోస్‌ను మార్చేయడమే మేలు.

ఘాట్ దిగాక మాత్రమే మెత్తబడితే

ఊళ్లో పెడల్ బాగుంటుంది. గువ్వలచెరువు దిగేసరికి కాలి కింద దిగబడుతుంది. అరగంట ఆగితే మళ్లీ గట్టిపడుతుంది. ఇది లైన్లో మిగిలిన గాలి పని కాదు, ఆయిల్ మరిగిన ఆవిరి పని. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అనంతపురంలాంటి వాన తక్కువ ఊళ్లోనూ ఏళ్లు గడిస్తే ఇది తప్పదు. డాట్ 3, డాట్ 4 అన్నవి బ్రేక్ ఆయిల్‌లో రకాలు. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కు అవి 230, 155.

మనుషులతో కలిపి 1,200 కిలోల బండి 300 మీటర్ల ఎత్తు నుంచి న్యూట్రల్‌లో దిగుతూ బ్రేకు మీదే ఆధారపడితే, దాదాపు 10 లీటర్ల నీళ్లు మరగబెట్టేంత వేడి ఆ డిస్కులూ డ్రమ్ముల్లో పుడుతుంది. గేరులో దిగితే ఇందులో మంచి వాటా ఇంజిన్ మోస్తుంది. పెడల్ మాత్రం గట్టిగానే ఉండి బండి ఆగకపోతే అది వేడెక్కిన ప్యాడ్లు పట్టు వదలడం. దానికీ ఆయిల్‌కూ సంబంధం లేదు.

ఆవిరి వల్ల మెత్తబడిన బండికి ఆయిల్ మార్చడమే మందు. ఇక్కడా ఒక తప్పు జరుగుతుంటుంది. డబ్బాలోని నల్లటి ఆయిల్ తీసి కొత్తది పోసి మార్చామంటారు. ఎక్కువ వేడి తగిలేది కాలిపర్లోని ఆయిల్‌కు, అదేమో డబ్బాలోకి తిరిగి రాదు. నాలుగు నిపిళ్లలోనూ నల్లటిది పోయి, సీసాలో ఉన్న కొత్త ఆయిల్ రంగే గొట్టంలో కనిపించేదాకా తీస్తేనే కాలిపర్లో మారినట్టు.